గుండీలత్త పట్టిన సూది

గుండీలత్త పోయినప్పుడు మా సంఘం తరఫున ఎవరూ రాలేదు. వెళ్ళకూడదని ఎవరూ అనుకోలేదు, వెళ్ళాలని ఎవరికీ తోచలేదు, అంతే. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మేం పనివాళ్ళమని చెప్పే కార్డులు ఇవాళ ఈ వీధిలో ఇంటికొకటి ఉన్నాయి. ఈ వీధిలో సంఘం అనే మాటను మొదట పలికింది ఆవిడే. తను బతికుండగా అసలు సంగతి చెప్పొద్దంది. ఇప్పుడు చెబుతున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. గోడకు అటు ఆవిడ, ఇటు నేను. ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలను మూటలాయన స్కూటరు మీద తెచ్చి ఇంటింటికీ పడేసేవాడు. మేం గుండీలు కుట్టి, దారాలు కత్తిరించి, మడతపెట్టి ఇవ్వాలి. దారం మాదే, సూది మాదే, కరెంటు మాదే, పోయే కళ్ళూ మావే. ఒక్క చొక్కా వెనక్కొచ్చిందంటే మూట మొత్తానికీ కూలి కోసేవాడు. అదేమిటని అడిగితే, "ఇంట్లో కాళ్ళు చాపుకుని చేసుకునేదాన్ని కూడా పనంటారా అమ్మా?" అని నవ్వేవాడు.

అత్త కుట్టిన గుండీ మాత్రం ఎన్నడూ ఊడలేదు. చొక్కా చిరగాలే గానీ గుండీ కదలదు. కుట్టాక ప్రతి గుండీనీ బొటనవేలితో లాగి చూసేది. ఆ అలవాటు ముదిరి ముదిరి, ఎదురుపడ్డవాళ్ళ గుండీలు కూడా లాగేది. "వదిలెయ్యత్తా, ఆయన మా ఆయన!" అని నేను ఒకసారి అరవాల్సి వచ్చింది.

అలాంటి మనిషే ఒకరోజు మమ్మల్నందరినీ తన గదిలో కూర్చోబెట్టింది. "ఫ్యాక్టరీ వాళ్ళు గేటు దగ్గర బైఠాయిస్తే ఓనరు దిగొస్తాడు. మనకి గేటేదే? ఎవరి కొంపలో వాళ్ళం ఏడుస్తున్నాం. మూటలన్నీ తెచ్చి ఒకచోట పడేద్దాం. అదే మన గేటు" అంది. దారం వాళ్ళే ఇవ్వాలి, ఒక చొక్కాకి మూటంతా కోయకూడదు, కార్డులివ్వాలి. అప్పటిదాకా సూది ముట్టకూడదు. సగం కుట్టినవి, అసలు కుట్టనివి, అన్నీ కలిపి ఆవిడ మంచం మీద గుట్ట పోశాం. గది తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంచాం. ఇంకెవరికిస్తాం?

మూటలాయన మొదట, "తిన్నింటి వాసాలు లెక్కపెడతారా?" అని ఎగిరాడు. తర్వాత బతిమాలాడు. మొదటి విడత సరుకైనా లారీకెక్కకపోతే తన ఉద్యోగం పోతుందన్నాడు. చివరికి, "రేపు ఓనరుగారే వస్తారు, ఆయనతోనే చెప్పుకోండి" అన్నాడు. మాకు ఎగిరి గంతేసినంత పనైంది. వంటలు చేసుకోవడానికి ఎవరిళ్ళకు వాళ్ళు పోయాం.

మర్నాడు ఓనరు వచ్చేసరికి మంచం మీద గుట్టలో చాలా భాగం పూర్తయిపోయి ఉంది. గుండీలు కుట్టి, దారాలు కత్తిరించి, మడతలు పెట్టి. పక్కన అత్త, చేతిలో సూది. ఓనరు ఒక చొక్కా తిప్పి చూసి, "బ్రహ్మాండంగా ఉంది పని" అన్నాడు. మూటలాయన వాటిని లారీకెక్కించాడు. మిగిలినవి వేరే వీధికి పోయాయి. మా గేటు అలా తెరుచుకుంది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నారు ఆడవాళ్ళు. ఎంతకి అమ్ముడుపోయావని మొహం మీదే అడిగారు. అత్త, "చేతులు ఊరుకోలేదమ్మా" అంది. ఆ తర్వాత నేను తప్ప ఎవరూ ఆవిడ గుమ్మం తొక్కలేదు.

చాలా ఏళ్ళకు, కళ్ళు సరిగా ఆనక నాచేత సూదిలో దారం ఎక్కించుకుంటూ అసలు సంగతి చెప్పింది. పైవాటాలో అద్దెకుండే పిల్ల అప్పుడు పచ్చి బాలింత. బిడ్డను ఒళ్ళో వేసుకుని ఎలాగో కుట్టింది, గుండీలన్నీ వేలాడుతున్నాయి. రేపు ఓనరు ఒక్క గుండీ లాగితే చాలు, "ఈ పనికా కార్డులు?" అంటాడు. ఆ పిల్లకు మళ్ళీ మూట పడదు. అందుకని ఆ రాత్రి అత్త అవి విప్పి మళ్ళీ కుట్టింది.

"అక్కడితో ఆగితే బాగుండేది. సూదిలో దారం ఉంది, పక్కనే గుండీల్లేని చొక్కా ఉంది. చెయ్యి పోయిందే. నేను ఆలోచిస్తున్నది రేపు ఓనరుతో ఏం మాట్లాడాలా అని. చెయ్యి దాని దారిన అది కుట్టుకుపోయింది. తలెత్తి చూసేసరికి అంతా అయిపోయింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"చెబితే ఆ కోపమంతా బాలింత మీద పడేది."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎందుకంటే ఆ వారమే కొత్త సంఘం పెడుతున్నారు, పెడుతున్నది పైవాటా పిల్లే. ఇప్పుడది నోరు విప్పితే వీధంతా వింటుంది. "ఈసారి ఆ ముసలావిడ నీడ కూడా పడనివ్వొద్దు, ఒకసారి ముంచింది చాలు" అని దండోరా వేస్తోంది.

"రేపు సభలో దాన్ని కడిగిపారేస్తాను" అన్నాను.

అత్త నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఆవిడలో ఉందనుకోలేదు. "వద్దే. ఆ పిల్ల మాట మీదే ఇంతమంది కూడారు. నా మంచితనం నిలబెట్టడానికి దాని మాట పడగొడతావా? నేనొకసారి చెడగొట్టింది చాలు. రెండోసారి నువ్వు చెడగొట్టకు. నేను బతికుండగా ఈ సంగతి బయటపెట్టకు."

మర్నాడు సభకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. గుండీలత్తను సంఘంలో చేర్చుకోకూడదనేవాళ్ళు చేతులెత్తమంది పైవాటా పిల్ల. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను.