గూటం దాకా పడిన గుండు

పోయిన నెల నా బిడ్డ కామెర్లతో హైదరాబాద్ దవాఖానలో కన్నుమూసింది. మూడో రోజు పేపర్లో వేశారు, "ఆటలోనూ వంటలోనూ దిట్ట అయిన క్రీడాకారిణి ఇక లేరు" అని. పైన, పొయ్యి ముందు రొట్టె కాలుస్తున్న ఆమె ఫోటో. చదివినవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ రొట్టె నేను చేసింది.

నా బిడ్డకు రొట్టె చేయడం రాదు. జొన్నపిండి ఆమె అరచేతి కింద ముక్కలైపోయేది. ఆ చేతికి తెలిసింది షాట్‌పుట్ ఇనుప గుండు. బడిలో డ్రిల్లు సారు ఇచ్చిన గుండును సంచిలో తెచ్చుకుని, పొద్దున్నే మా అల్లం చేను పక్కన ఖాళీ మడిలో విసిరేది. పడినచోట గుర్తుగా ఒక కర్ర గూటం పాతేది. మర్నాడు గుండు దాన్ని దాటితే, పీకి ముందుకు పాతేది. ఒకసారి పొయ్యిలోకి పుల్లలు ఏరుతూ నేను దాన్ని పీకేశాను. మండుతున్న పొయ్యిలోంచి లాక్కుని మళ్లీ పాతింది.

"అమ్మా, గూటం జరిపితే నేనే జరపాలె. నువ్వు ముట్టకు."

రాష్ట్ర పోటీల్లో మొదటి బహుమతి వచ్చినప్పుడు పేపరాయన మా ఇంటికి వచ్చాడు. తప్పు నాది కూడా ఉంది. పెళ్లిచూపులకు తయారు చేసినట్టు నా పెళ్లి చీర కట్టి, జడలో పూలు పెట్టాను. ఆమె గుండు పట్టుకుని నిలబడితే ఆయన మొహం చిట్లించాడు.

"అది వద్దమ్మాయ్, భుజాలు మగవాడిలా కనిపిస్తాయి. పొయ్యి దగ్గర కూర్చో. కాస్త నవ్వు."

"నాకు రొట్టె రాదు సార్."

"ఫోటోలో ఎవరికి తెలుస్తుంది?"

పెనం మీద నా రొట్టె వేసి ఆమెను కూర్చోబెట్టింది నేనే. ఆయన ఇంకొకటి అడిగాడు, "పెళ్లయ్యాక ఆట మానేస్తావా?"

"మీ పెండ్లయినంక మీరు రాసుడు బంజేసిన్రా సార్?"

అది ఆయన రాసుకోలేదు. పేపర్లో చీర వచ్చింది, పూలు వచ్చాయి, "సిగ్గుపడుతూ నవ్వింది" అని వచ్చింది. పక్కనే ఒక మగపిల్లవాడి ఫోటో, గుండు విసురుతూ. వాడిది ఎంత దూరం పడిందో అంగుళాలతో సహా వేశారు. వాడికి వంట వచ్చా అని అడగలేదు. నా బిడ్డ ఆ పేపరుతోనే గుండుకు అంటిన మట్టి తుడిచి, "గిందుకైనా పనికొచ్చింది" అని పకపకా నవ్వింది. అందులో సిగ్గు ఎక్కడా లేదు.

మొన్న ఆయనే మళ్లీ వచ్చాడు. "ఇంకా వివరంగా రాస్తామమ్మా. మీ అమ్మాయి ఏ వంట బాగా చేసేది?"

నేను మడి దగ్గరికి తీసుకుపోయాను. "ఈడికెల్లి గా గూటం దాకా నడువు బాబూ. అడుగులు లెక్కవెట్టు. గది రాయి."

మడి తడిగా ఉంది. ఆయన తన బూట్లు చూసుకున్నాడు. "ఇది ఎవరు చదువుతారమ్మా?" అన్నాడు. నేను ఏడుస్తానేమోనని కెమెరా ఎత్తాడు. వీపు తిప్పేశాను.

అందుకే అయిదో తరగతి చదువుతో నేను రాస్తున్నాను. ఆ దూరం నేనే నడిచాను. నా అడుగులతో పద్దెనిమిది. ఇది పేపర్లో వేయనివాళ్లు సిగ్గుపడాలి.

ఈసారి ఆ మడిలోనూ అల్లం పెడదామని ఆమె నాన్న నాగలి కట్టాడు. గూటం దగ్గరికి వచ్చేసరికి ఎడ్లను పక్కకు తిప్పాడు. మడంతా ఎర్రటి మట్టి తిరగబడి ఉంది. మధ్యలో జానెడు గడ్డి, ఆ గడ్డిలో ఒక కొన కాలిన గూటం.