నా చేతుల సంగతి తెలిసిన మనిషి

సైకిల్ బాబాయ్ పోయారని మొన్న పొద్దున ఫోన్ వస్తే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నీకెవరు చెప్పారు?" అని. ఫోన్ చేసింది నాచారంలోని మందుల కంపెనీలో నా పక్కన కూర్చుని పనిచేసిన స్నేహితురాలు. "ఎవలు చెప్పుడేంది? నేను ఆళ్లింటి ముందే నిలబడ్డ. జల్ది రా" అంది.

చావు కబురును కూడా అనుమానించాను. నా స్వభావమే అంత. దానివల్ల అందరికన్నా ఎక్కువ మాటపడింది ఆయనే. ఒక్కసారైనా దెప్పనిదీ ఆయనే.

మాది తణుకు దగ్గర పల్లె. మేం బతుకుతెరువుకు ఉప్పల్ వచ్చేనాటికి ఆ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవు. రోజూ లేడీస్ సైకిల్ మీద నాచారం వెళ్లి, మాత్రల స్ట్రిప్పులు అట్టపెట్టెల్లో సర్ది మూతలు మూసేదాన్ని. నలభై నిండకుండానే వేళ్ల కణుపులు వాచాయి. కీళ్లవాతం అన్నారు ఆసుపత్రిలో. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. ఈ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. నాది కాంట్రాక్టు పని. చేతులు బాగోలేవని తెలిస్తే రేపటి నుంచి రావద్దంటారని భయం.

మా సందు చివర రేకుల షెడ్డులో ఉండేది ఆయన సైకిల్ షాపు. అందరూ మామ అనేవారు. నేను మా వైపు అలవాటు కొద్దీ బాబాయ్ గారూ అనేదాన్ని. ఒకరోజు బ్రేకు బిగించమని సైకిల్ ఇస్తే, ఆయన బ్రేకు వదిలేసి హ్యాండిల్ గ్రిప్పులు తడిమి చూశారు.

"ఎడమ చెయ్యి బాగ గుంజుతుందా బిడ్డా?"

ఎడమ చెయ్యి వెనక్కి దాచుకున్నాను. "ఎవరన్నారు?"

"గ్రిప్పే చెప్తుంది. కుడిది మంచిగనే ఉంది. ఎడమది బయటి దిక్కు అరిగి సాపైంది. వేళ్లు పట్టక అరచేతి అంచు మోపుతున్నవ్."

అదంతా నిజం. అయినా, "అదేం లేదండీ, పాత గ్రిప్పులు కదా" అన్నాను. ఆయన వాదించలేదు. రకరకాల గ్రిప్పులున్న డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "నొప్పి లేకుంటే మంచిదే. ఊకె పట్టుకొని సూడు."

మెత్తటి స్పంజిది పట్టుకోగానే ప్రాణం లేచివచ్చింది. అదే కావాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "నాలుగు దినాలు మంచిగనే ఉంటది. బరువు పడ్డంక అణిగిపోయి లోపలి పైపు తగుల్తది. అప్పుడు నువ్వు ఇంకింత గట్టిగ పిసుకుతవ్."

లావుగా ఉన్నదాని చుట్టూ నా వేళ్లు తిరగలేదు. సన్నదాన్ని పట్టుకుంటే పిడికిలి మరీ బిగుసుకుపోయింది. ఆయన నా చెయ్యి ముట్టుకోలేదు. పట్టు బిగించినప్పుడు బొటనవేలి గోరు తెల్లబడుతోందా అని మాత్రం చూశారు. గోరు రంగు మారని మధ్యరకం రబ్బరు గ్రిప్పు తీసి, అరచేతి అంచు ఆనే చోట దాని కింద పాత ట్యూబు ముక్క చుట్టి వెడల్పు చేశారు. హ్యాండిల్ రెండు వేళ్ల ఎత్తు లేపారు. తర్వాత స్పానర్ పట్టుకుని సీటు దగ్గరికి వెళ్లారు.

"నొప్పి చేతికైతే సీటు విప్పుతారేంటండీ?" అనేశాక నాలుక కరుచుకున్నాను.

ఆయన నవ్వలేదు. "సీటు ముందుకు వంగింది. నువ్వు జారుతున్నవ్. జారినంక బరువంత చేతుల మీదనే కదా."

మర్నాడు నాచారం దాకా చేతులు మొద్దుబారకుండా వెళ్లాను. ఆ హాయి మీద కూడా అనుమానమే వచ్చింది. ఈయనకెందుకింత శ్రద్ధ? నా చేతుల సంగతి తెలుసుకుని ఏం చేస్తాడు?

వారం తిరక్కుండా మా కంపెనీ సూపర్‌వైజర్ ఆ షాపు ముందు స్కూటర్‌కు గాలి పట్టించుకుంటూ కనిపించారు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేసినట్టు అనిపించింది. నాలుగు రోజులకు సూపర్‌వైజర్ గారు పిలిచి, "మీ చేతులు బాగుండట్లేదంట కదమ్మా?" అన్నారు.

ఆ 'అంట' నన్ను దహించేసింది. "ఎవరో అబద్ధం చెప్పారండీ" అని గట్టిగా చెప్పి, సాయంత్రం తిన్నగా షాపుకు వెళ్లాను. నలుగురి ముందు అరిచాను. "మంచివాడిలా ఆరా తీసి నా కూటికి ఎసరు పెట్టారు కదండీ!"

ఆయన చేతిలో పని ఆగిపోయింది. "నేను చెప్పలే బిడ్డా" అన్నారు. అంతే.

నేను నమ్మలేదు. ఐదు నెలలు ఆ సందు చివరికి వెళ్లకుండా చుట్టు తిరిగి పోయాను. పంతం కొద్దీ ఆయన చుట్టిన గ్రిప్పులు పీకించి నాచారంలో స్పంజివి వేయించుకున్నాను. రెండు నెలలకే అవి అప్పడాల్లా అణిగిపోయాయి. వేళ్లు మొద్దుబారాయి. ఒకనాడు పనిలో స్ట్రిప్పుల దొంతర చేతిలోంచి జారి నేలంతా పరుచుకుంది. నా స్నేహితురాలు వాటిని ఏరి పెట్టి, నా పెట్టెల మూతలు తనే మూయడం మొదలుపెట్టింది. ఎంత అలవాటైన పనిలా మూసిందో అప్పుడు చూశాను.

"ఎన్నాళ్ల నుంచి మూస్తున్నావే?"

"మస్తు దినాలైంది. సారుకు నేనే చెప్పిన. నీకు వేరే పని ఇస్తడేమోనని. నువ్వేమో అబద్ధమంటివి."

ఇద్దరం కలిసి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాం. ఈసారి నిజం ఒప్పుకున్నాను. నన్ను తీసేయలేదు. లేబుళ్లు సరిచూసే బల్ల దగ్గరికి మార్చారు.

ఆ సాయంత్రం షాపులో ఎవరూ లేని సమయం చూసుకుని వెళ్లాను. "తప్పు నాదే బాబాయ్ గారూ" అన్నాను. ఆయన చూపు నా సైకిల్ మీద ఉంది.

"తప్పు గిప్పు తర్వాత. గీ స్పంజి ఎవలు పెట్టిన్రు? ముందుగాల తీయి."

ఆయన ట్యూబు ముక్క చుడుతుంటే ఊరుకోలేక అడిగాను. "ఆ సారు నా గురించి ఎప్పుడూ అడగలేదా?"

"అడిగిండు. సైకిల్ గురించి అడుగు, చెప్తానన్న."

తర్వాత చాలా ఏళ్లు ఆ షాపుకే వెళ్లాను. కొత్త గ్రిప్పులు వేయించుకున్న వాళ్లెవరినీ ఆయన వెంటనే పోనిచ్చేవారు కాదు. "ఒక్క రౌండు తొక్కి రా. నా మాట నమ్మకు, చేతినడుగు" అనేవారు. నాలాంటిదానికి అంతకన్నా నచ్చే మాట ఏముంటుంది? తెలంగాణ ఉద్యమం రోజుల్లో బస్సులు ఆగిపోయి షాపు ముందు సైకిళ్లు బారులు తీరినప్పుడు, "ఆంధ్రామెకు తర్వాత జేయరాదు మామా" అన్నాడొకాయన. "లైనుల ఎవలు ముందుంటే గాళ్లకే" అని బాబాయ్ నా సైకిల్ అందుకున్నారు. నేను మాత్రం ఆ మాట వెనుక ఇంకేమైనా ఉందా అని రెండు రోజులు ఆలోచించాను. ఏమీ లేదు.

నలుగురి ముందు అరిచినదాన్ని, క్షమాపణ మాత్రం ఎవరూ లేనప్పుడు చెప్పాను. ఆయన అడగలేదు కానీ, అది నాకు ఇప్పటికీ వెలితే. అందుకే ఇది నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

మొన్న వాళ్లింటికి వెళ్లేసరికి గోడ వారగా బైకుల మధ్య పదీపన్నెండు సైకిళ్లున్నాయి. ఏ రెండింటి గ్రిప్పులూ ఒకేలా లేవు. ఒకదానికి రబ్బరు, ఒకదానికి గుడ్డ పట్టీ, ఒకదానికి ఒకవైపే లావుగా చుట్టిన ట్యూబు. లోపలి నుంచి ఒక ముసలాయన వచ్చి తన సైకిల్ స్టాండు తీశాడు. రెండు చేతులూ గ్రిప్పుల మీద వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎక్కలేదు. నడిపించుకుంటూ సందు మలుపు తిరిగిపోయాడు.