సేటమ్మ చూసిన విలన్

మొన్న మంగళవారం మొయినాబాద్‌లో, మా బడిలో ప్రార్థన అయిపోయి ఎనిమిదో తరగతికి లెక్కలు మొదలుపెట్టబోతుండగా ఫోన్ వచ్చింది. చేసింది మా ఇంటి ఓనరమ్మ కొడుకు, షాబాద్‌లో హార్డ్‌వేర్ షాపు నడుపుకునే మనిషి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు ఆ రోజు గొంతు బాగా తగ్గించి, "సార్, అమ్మ పోయింది" అన్నాడు. పొద్దున చాయ్ తాగి, దుకాణం షట్టర్ ఎత్తించి, గల్లా ముందర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిందట. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ పొద్దున నేను బస్సుకు బయలుదేరేటప్పుడు ఆమె ఇంకా పూజగదిలో ఉంది. పోయొస్తానని చెప్పకుండానే వచ్చేశాను. చాక్‌పీస్ బల్ల మీద పెట్టి చేవెళ్ల బస్సెక్కాను.

చేవెళ్ల బజారులో ఆమెను అందరూ సేటమ్మ అనేవారు. నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాక ఆ కిరాణా దుకాణాన్ని ముప్పై ఏళ్లకు పైగా ఆమే నడిపింది. బెల్లం దిమ్మను చిన్న సుత్తితో కొట్టి, మొదటి ముక్క తన నోట్లో వేసుకుని, బాగుందనిపిస్తేనే తక్కెడలో పెట్టేది. పొట్లాలకు పాత పేపర్లు వాడేది గానీ సినిమా పేజీ మాత్రం చింపనిచ్చేది కాదు. దాన్ని మడిచి గల్లా కింద దాచుకునేది.

పన్నెండేళ్ల కింద కిరాయి గది కోసం ఆమె దగ్గరికి వెళ్లాను. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. కాలిపర్ వేసుకుని నడుస్తాను. తొడ నుంచి బూటు దాకా రెండు ఇనుప కమ్మీలు, వాటిని కాలికి కట్టి ఉంచే తోలు పట్టీలు, మోకాలి దగ్గర ఒక లాక్. అప్పుడు కిరాయికి ఉన్నది మేడ మీది గది. నేను మెట్లెక్కి, గది చూసి, మళ్లీ దిగేంతసేపూ ఆమె నా వైపు చూడకుండా చేటలో కందిపప్పు ఏరుతూ కూర్చుంది. మర్నాడు సామాను తెచ్చేసరికి కింది గదిలోని బస్తాలన్నీ మేడ మీదికి చేరాయి. పైన చెమ్మ ఉండదు, పప్పులకు అదే మంచిదని చెప్పి కింది గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. కాలి మాట ఎత్తనే లేదు. ఆ మర్యాదకు నేనెంత పొంగిపోయానో అప్పట్లో మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

అవ్వకు సినిమా అంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం దుకాణం కోడలికి అప్పగించి మ్యాట్నీకి పోవలసిందే. నన్ను తోడు రమ్మని ఎప్పుడూ అడిగేది కాదు, "సారూ, టైమైతున్నది" అనేది. హాల్లో ఆమె ఊరికే కూర్చునే రకం కాదు. తెర మీది వాళ్లతో మాట్లాడేది. తలుపు తియ్యబోతున్న హీరోయిన్‌కు తియ్యొద్దని చెప్పేది. కొడుకుతో కొట్లాడి అన్నం వదిలేసి లేచిన తండ్రిని, తిని కొట్లాడమని కోప్పడేది. ముందు వరుసల వాళ్లు వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు, ఆమె పట్టించుకునేది కాదు. సోమవారం ఉప్పుకో చింతపండుకో వచ్చినవాళ్లకు ఆ సినిమా అంతా అభినయించి చెప్పేది. అవ్వ చెప్పింది విని సినిమాకు పోయి, సినిమా కంటే ఆమె చెప్పిందే బాగుందని తిరిగొచ్చినవాళ్లు బజారులో ఇప్పటికీ ఉన్నారు.

రెండేళ్ల కింద ఒక సూపర్ హీరో సినిమా వచ్చింది. బయటిదేశం వాళ్లది కాదు, మనవాళ్లు తీసింది. హీరో బావులు తవ్వేవాడి కొడుకు. అతను చెయ్యెత్తితే బండలు గాల్లోకి లేస్తాయి. మా బడి పిల్లలు నెల ముందు నుంచే వెర్రెత్తిపోయారు. అందులో కొంత జన్వాడ దిక్కు బండల మధ్యే తీశారని పందేలు కాసుకున్నారు. హీరో లుంగీ కడతాడని, సద్దిమూట కట్టుకుని పోతాడని, మనలాగే మాట్లాడతాడని గొప్పగా చెప్పుకునేవారు.

మొదటి ఆదివారం మ్యాట్నీకి అవ్వా నేనూ వెళ్లాం. హాలు కిటకిటలాడుతోంది. హీరో మొదటిసారి బండను లేపినప్పుడు ఈలలకు చెవులు దిమ్మెక్కాయి. అవ్వ కూడా చప్పట్లు కొట్టింది. కాసేపటికి తెర చీకటైంది. చీకట్లోంచి ఒక చప్పుడు వినిపించింది. టక్ మని ఇనుము మోగటం, తర్వాత నేల మీద ఏదో ఈడ్చినట్టు జర్ర్‌మనటం. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. విలన్ వచ్చాడు. అతని ఎడమ కాలికి తొడ నుంచి పాదం దాకా ఇనుప కమ్మీలున్నాయి.

ముందు వరుసలో కూర్చున్న మా బడి పిల్లలు ముగ్గురు మెల్లగా వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

అవ్వ ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. ఇంటర్వెల్‌లో సమోసా కూడా వద్దంది. రెండో సగంలో విలన్ కథ చెప్పారు. అతను ఒకప్పుడు క్వారీలో బండ కొట్టే కూలీ. బండలు విరిగి మీద పడితే, ఇంకా ప్రాణం ఉందని తెలిసీ ఊరివాళ్లు అతన్ని అక్కడే వదిలేసి పోతారు. ఆ సీన్‌లో పాట లేదు, మాట లేదు. ఆ నిశ్శబ్దంలో అవ్వ గొంతు హాలంతా వినిపించింది. "ఒక్కడన్న పోయి చెయ్యి ఇయ్యకపాయె." ఆ రోజు ఎవరూ వెనక్కి తిరిగి నవ్వలేదు. కానీ చివరికి హీరో విలన్‌ను అవే బండల కింద పూడ్చేసినప్పుడు హాలు హాలంతా లేచి నిలబడి ఈలలు వేసింది. అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. నేను లేవాలో కూర్చోవాలో తెలియక, ఆమె పక్కన కూర్చునే ఉండిపోయాను.

సోమవారం బడిలో బోర్డు మీద లెక్క రాస్తుంటే వెనక నుంచి ఆ చప్పుడు వచ్చింది. ఎవరో కంపాస్ బాక్సును బల్ల మీద కొట్టి, స్కేలుతో గీశారు. తిరిగి చూస్తే అందరూ పుస్తకాల్లో తలలు పెట్టి ఉన్నారు. మర్నాడు వరండాలో నడుస్తుంటే వచ్చింది. ఆ వారం అంతా వచ్చింది. వాళ్లు చెడ్డ పిల్లలు కాదు. చూసిన సినిమాను ఆడుకుంటున్నారు, అంతే. అది నాకు తెలుసు. అయినా ప్రార్థనకు ముందే క్లాసులోకి పోయి కూర్చోవటం, సాయంత్రం అందరూ వెళ్లాక గేటు దాటటం మొదలుపెట్టాను. బడి నుంచి తప్పించి ఏదైనా ఆఫీసు పనిలో వెయ్యమని ఒక దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు, చెప్పుకోవటానికి సిగ్గుగా ఉంది, కాలిపర్‌ను గదిలో గోడకు ఆనించి ఉత్త చేతికర్రతో బడికి పోయాను. సాయంత్రం మొయినాబాద్ బస్టాపులో బస్సెక్కబోతూ పడిపోయాను.

అరచేతులు గీరుకుపోయి ఇంటికొస్తే అవ్వ నన్ను దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్లతో కడిగి, దూదితో మందు రాసింది. కాలు జారిందన్నాను. ఆమె నా గది వైపు చూసింది. తీసి ఉన్న తలుపులోంచి కాలిపర్ కనిపిస్తోంది. ఇక దాచలేక అంతా చెప్పాను. దరఖాస్తు సంగతి కూడా. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె మందు సీసాకు మూత పెట్టి అంది.

"పదేండ్లాయె నువ్వొచ్చి. గా కాలు ముచ్చట ఒక్కనాడు నువ్వు చెప్పలే, నేనడుగలే. అడుగకుంటనే మంచిగనుకున్న. పిల్లలు గూడ అడుగలే. అడుగనోళ్లకు సినిమా చెప్పింది. గంతే."

నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి ఆమె పంపిన అన్నం సరిగా తినలేదు. కానీ మర్నాడు పొద్దున కాలిపర్ పట్టీలు బిగించుకుంటుంటే ఆ మాటలో తప్పేమిటో వెతికి, దొరక్క, బస్సెక్కాను.

ఆ శనివారం ఆమె దుకాణం మూసింది. పండగనాడు కూడా ఒక పూట తెరిచే దుకాణం అది. గంజి పెట్టిన చీర కట్టుకుని, కళ్లద్దాల డబ్బా చంకన పెట్టుకుని, ఒక్కతే బస్సెక్కి మొయినాబాద్ వచ్చింది. మా హెడ్‌మిస్ట్రెస్‌ను ఎట్లా ఒప్పించిందో తెలియదు, చివరి పీరియడ్‌కు ఎనిమిదో తరగతిలో నా కుర్చీ పక్కన నిలబడి ఉంది. మీరందరూ చూసిన సినిమానే చెప్తానంది. పిల్లలు నవ్వారు. ఆమె మొదలుపెట్టాక నవ్వటం మానేశారు.

హీరో సంగతి పక్కన పెట్టి, విలన్ దగ్గర మొదలుపెట్టింది. పొద్దున అతని తల్లి సద్ది కట్టటం, ఉల్లిగడ్డ మర్చిపోయి వెనక పరుగెత్తటం, ఇవేవీ సినిమాలో లేవు. అవ్వ కల్పించింది. బండలు పడే చోటికి వచ్చి ఆపేసింది. "మీరే గా ఊరోళ్లనుకోన్రి. ఇప్పుడేం జేస్తరు?" అంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తామన్నారు. మా బాపుకు జేసీబీ ఉన్నది, తెస్తానన్నాడొకడు. జేసీబీతో తీస్తే మనిషి నలిగిపోడా అని ఇంకొకడు. వాదన పెరిగి క్లాసంతా గోలగోలైంది. ఆ గోలలో మూడో బల్ల దగ్గరి అమ్మాయి లేచి అడిగింది. "అవ్వా, గా ఇనుప కాలు నొస్తదా?"

గోల ఆగిపోయింది. అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి.

"నాకేమెరుక బిడ్డా" అంది అవ్వ. "సార్‌నడుగు."

ఆమె నా కుర్చీ పక్క నుంచి జరిగి కిటికీ దగ్గరికి పోయింది. నేను కుర్చీలో కూర్చుని ప్యాంటు పైకి లాగాను. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఏ క్లాసులోనూ ఆ పని చెయ్యలేదు. నొస్తుందని చెప్పాను. ఎండాకాలం ఇనుము కాలుతుందని, వానాకాలం తోలు ఒరుసుకుంటుందని, అయినా ఇది లేకపోతే మొన్న బస్టాపులో పడ్డట్టు పడతానని చెప్పాను. మోకాలి దగ్గరి లాక్ తీసి, వేసి చూపించాను. పిల్లలు బల్లలు దాటి చుట్టూ చేరారు. కంపాస్ బాక్సు కొట్టినవాడు ఎవరో నాకు అప్పుడు తెలిసింది, ఎందుకంటే అందరికంటే దగ్గరగా వంగి చెవి పెట్టి విన్నది వాడే. విని, చాలా పెద్దమనిషిలా తీర్పు చెప్పాడు. "సినిమాల తప్పు పెట్టిన్రు సార్. మీది జర్ర్ అనది."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు మసకబారాయి. కిటికీ దగ్గర అవ్వ వీధిలోకి చూస్తూ నిలబడింది.

ఆ చప్పుడు ఆ తర్వాత పూర్తిగా ఆగిందని చెప్పలేను. అప్పుడప్పుడు వచ్చేది. నేను బోర్డు వైపే తిరిగి, తప్పు చప్పుడు అనేవాణ్ణి. దరఖాస్తు బ్యాగులోనే నలిగిపోయింది. బడి వార్షికోత్సవానికి పిల్లలు ఆ సినిమా కథనే నాటకం వేశారు. అట్టముక్కలతో కాలిపర్ చేసుకుని, బకిల్ ఏ పక్కకు వస్తుందో అడగటానికి నా దగ్గరికి వచ్చేవారు. క్వారీ సీన్ మాత్రం వాళ్లు మార్చేశారు. బండలు పడగానే ఊరంతా, అంటే పదకొండు మంది పిల్లలు, పరుగెత్తి వచ్చి విలన్‌ను బయటికి లాగారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. నేను గర్వంగా అవ్వ వైపు చూశాను. ముందు వరుసలో కూర్చున్న ఆమె ముఖం చిన్నబోయింది. తిరిగొచ్చే బస్సులో చెప్పింది. "మంచిగనే తీసిన్రు వాన్ని. మరి ఫైటింగేది సారూ? గింత దూరమొచ్చింది ఫైటింగ్ కోసమాయె." చేవెళ్ల వచ్చేదాకా ఆ ఫైటింగ్ ఎట్లా పెట్టవచ్చో ఆమే చెబుతూ వచ్చింది.

కిందటేడు నుంచి ఆమె చూపు మందగించింది. ఆపరేషన్ చేయించుకోమని కొడుకు ఎంత చెప్పినా, ఈ సినిమా అయ్యాక, ఆ సినిమా అయ్యాక అంటూ వాయిదా వేసింది. హాల్లో నేను ఆమె చెవిలో మెల్లగా చెబుతుండేవాణ్ణి. మొదట్లో ఎవరేమన్నారో చెప్పబోతే విసుక్కుంది. "మాటలు నాకినొస్తయి. మొహాలు చెప్పు" అంది. అప్పుడు నాకు తెలిసింది, ఒక మనిషి ముఖం చెప్పటం ఎంత కష్టమో. కోపంగా ఉన్నాడంటే ఒప్పుకునేది కాదు. కోపమా, ఏడుపు ఆపుకుంటున్నడా అని అడిగేది. నేను మళ్లీ చూసి, సరిదిద్దుకుని చెప్పేవాణ్ణి.

ఆమెను సాగనంపిన రోజు థియేటర్ గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన వచ్చాడు. దండ వేసి నా పక్కన నిలబడి, ఆదివారం మ్యాట్నీకి వచ్చేవాళ్లలో కొందరు, సేటమ్మ వచ్చిందా అని అడిగి టికెట్ తీసుకునేవారని చెప్పాడు. ఇన్నేళ్లు ఆమె పక్కన కూర్చున్నా ఆ సంగతి నాకు తెలియదు. ఆమెకు తెలుసో లేదో.

మేమిద్దరం చివరిసారి సినిమాకు పోయింది నెల కింద. ఆట అయ్యాక బయటికొచ్చి, నడవలేనని కాదు, జనం పోనీ అని ఆమె థియేటర్ మెట్ల మీద కూర్చుంది. ఒక చెప్పు విడిచి, ఎండకు వెచ్చబడిన రాయి మీద పాదం పెట్టుకుంది. చీకట్లోంచి వచ్చిన జనం కళ్లు చికిలించుకుంటూ ఆమెకు అటూ ఇటూ చీలి దిగిపోతున్నారు. ఎట్లున్నది సేటమ్మా అని దిగేవాళ్లు దిగుతూనే అడుగుతున్నారు. ఆమె జవాబు చెప్పటం లేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సరిగా కనిపించని ఆ ముఖాలన్నిటి వైపూ తలెత్తి నవ్వుతూ ఉంది.