తెల్లబడని బూడిద

మా బాపు సుల్తానాబాద్‌లో ఒక రైస్‌మిల్లులో పనిచేసేవాడు. బాయిలర్‌లోకి ఊక ఎగదోయడం, కాలిన బూడిద బయటికి లాగడం అతని పని. నేను కరీంనగర్‌లో కెమిస్ట్రీ పీజీ చేస్తూ, ప్రాజెక్టుకు ఆ ఊకనే ఎంచుకున్నాను. ఇసుకలో ఉండే సిలికా ఊకలోనూ ఉంటుంది. సరిగ్గా కాలిస్తే కంటికి ఆనని సన్నటి రేణువులతో తెల్లటి పొడి మిగులుతుందని చదివాను.

నాకు మాత్రం మిగల్లేదు. ల్యాబ్‌లోని కరెంటు కొలిమిలో ఎన్నిసార్లు కాల్చినా బూడిద నల్లటి చుక్కలతోనే వచ్చేది. వేడి పెంచితే గడ్డకట్టేది. ఒక ఆదివారం ఇంటికెళ్లినప్పుడు బాపును అడిగాను.

"బాపూ, మీ మిల్లుల బూడిద ఎన్నడన్న తెల్లగ వచ్చిందా?"

"వస్తది బిడ్డా. వానకు తడిసిన ఊక కుప్ప ఉంటది సూడు, గది ఎండినంక కాలిస్తే జర తెల్లగొస్తది. ఎందుకో నాకెర్క లేదు."

"గింత ముచ్చట ఎన్నడు చెప్పకపోతివి!"

"ఎవలడిగిండ్రు?"

మర్నాడు మిల్లు నుంచి రెండు సంచులు ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. ఒకదానిలో వాన తగలని ఊక, రెండోదానిలో తడిసి ఎండింది. పక్కపక్కన పెట్టి కాల్చాను. మొదటిది ఎప్పటిలాగే నల్లచుక్కలు. రెండోది దాదాపు తెలుపు! ప్రాజెక్టు చూసే మా మేడమ్ రెండింటినీ వేలితో నలిపి చూశారు.

"ఊకలోని పొటాషియం వాన నీళ్లలో కొట్టుకుపోయి ఉంటుంది. అది ఉంటే వేడికి కరిగి మసిని లోపలే బంధిస్తుంది. పలుచటి యాసిడ్‌తో కడిగి కాల్చి చూడు," అన్నారు.

ఈసారి పాలపిండిలాంటి పొడి వచ్చింది. ఆ వాన సంగతి మా బాపు చెప్పిందేనని రిపోర్టులో రాశాను.

తర్వాత ఒకరోజు బాపు ల్యాబ్‌కు వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచాడు. గాజు గొట్టంలో నీలిరంగు నీళ్లు పోసి, చిటికెడు పొడి వేసి ఊపి పెట్టాను. కొంతసేపటికి పొడి నీలంగా మారి అడుక్కి దిగింది. పైన నీళ్లు తేటపడ్డాయి.

"గింత పొడి గంత రంగు పట్టిందా?"

"రేణువులు శాన సన్నగుంటయ్ బాపూ. రంగు వాటి మీదనే అంటుకుంటది. అన్నిటి పైపొర పరిస్తే మనిల్లంత అయితది."

గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ వంచి చూశాడు. "మరి గా రంగు మల్ల బయటికొస్తదా?"

ఆ ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మేమింకా అది పరీక్షించలేదు. జవాబు తెలియడానికి నెల పట్టింది. కొంత వస్తుంది, అంతా రాదు. ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.

"మొత్తం ఎందుకు రాదు?" అన్నాడు బాపు.