అత్తయ్యగారి ఏసీకి నేను కట్టిన దడి

ఆ రోజుల్లో నాకు కారణం తెలియని విషయమంటూ ఈ లోకంలో ఉండేది కాదు. ఎక్కడైనా ఎదురైతే అది ఎదుటివాళ్ల అజ్ఞానమని తేల్చేసేవాణ్ణి. అమలాపురంలో కొత్తగా లెక్చరరుగా చేరి, ముక్తేశ్వరంలో మా మేనత్తగారింట్లో ఉంటూ, ఆదివారాలు గ్రంథాలయంలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తుండేవాణ్ణి. (వినేవాళ్లు పదకొండు మంది. అందులో ఇద్దరు ఫ్యాను గాలికి వచ్చేవారు.)

ఆ వేసవిలో అత్తయ్యగారు ఏసీ పెట్టించారు. గోడ బయటి మిషను ఎండకు మాడిపోతోందని, నేనే కొబ్బరాకులు అల్లించి దానికి నాలుగువైపులా, పైన కూడా దడి కట్టాను. నీడలో ఉన్నది చల్లగా పనిచేస్తుందని నా శాస్త్రం. వారం తిరక్కుండా గదిలో చల్లదనం తగ్గిపోయింది.

"దిష్టిరా అబ్బాయ్. పక్కింటి వదినగారొచ్చి, మీ గది మంచుగడ్డలా ఉందండీ అని వెళ్లేరు. ఆ మర్నాటి నించే ఇలాగ," అన్నారు అత్తయ్యగారు. అప్పటికే బూడిద గుమ్మడికాయ తెప్పించి ఉంచారు.

"మిషనుకి దిష్టేమిటండీ? ఆదివారంలోగా కారణం కనిపెట్టకపోతే ఆ కాయ నా చేత్తోనే కడతాను."

"పోనీ మెకానిక్కుని పిలుద్దాంరా."

"బుర్ర ఉండగా మెకానిక్కెందుకండీ?"

ఆ ఆదివారం నేను మాట్లాడాల్సింది దిష్టి గురించే. గుమ్మడికాయ కట్టొచ్చిన చేతులు ఊపుతూ ఏమని మాట్లాడను? ఫిల్టరు కడిగాను. రిమోటును పదహారుకు దించాను. కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కాను. పూటపూటా వోల్టేజి చూసి పుస్తకంలో రాశాను. (బయటికి వెళ్లి మిషనునూ చూడబోయాను. దడి వదులైనట్టు కనిపిస్తే ఇంకో రెండు తాళ్లు బిగించి వచ్చాను.) గది మాత్రం ఉక్కపోస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున్నే అత్తయ్యగారు కాయ నా చేతిలో పెట్టారు.

"బయట మిషను మీద కట్టు. ఈ దడి ఉంటే కాయ ఎవరికీ కనపడదు. ముందు అది తీసెయ్."

"ఆయ్," అన్నాను. దడి విప్పగానే, కాగుతున్న డేగిసా మూత తీసినట్టు వేడిగాలి మొహాన కొట్టింది. కాయ కట్టి లోపలికి వచ్చిన అరగంటకి మావయ్యగారు దుప్పటి అడిగారు.

గదిలో వేడిని బయటికి తోసే మిషనుకు ఊపిరాడకుండా చేసింది నేనేనని అర్థమైంది. ఆ మాట చెబితే అజ్ఞానిని నేనవుతాను. చెప్పకపోతే దిష్టి నిజమవుతుంది. నేను చెప్పలేదు. సాయంత్రం దిష్టిని గంటసేపు చీల్చి చెండాడాను. ముందు వరుసలో అత్తయ్యగారు కూర్చుని శ్రద్ధగా విన్నారు.

మొన్న ముక్తేశ్వరం వెళ్లినప్పుడు, ఇన్నేళ్లకు, ఆ సంగతి ఒప్పుకున్నాను. అత్తయ్యగారు చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తలేదు.

"తెలుసులేరా. నీ వెనకే నించున్నాను కదా, ఆ సెగ నాకూ తగిలింది."

"మరి ఏటేటా కొత్త కాయ ఎందుకు కట్టిస్తున్నారండీ?"

"అది తీసేస్తే, ఏసీ ఎందుకు పాడైందో, ఎలా బాగైందో మీ మావయ్య ఆరా తియ్యరూ? లెక్చరరు గారి పరువేం కాను?"

పెరట్లోకి వెళ్లి చూశాను. మిషను మీద ఈ ఏటి గుమ్మడికాయ వేలాడుతోంది. తాడు కాస్త వదులైంది. అటూ ఇటూ చూసి, నేనే బిగించి వచ్చాను.