అవునని రాసిన మాస్టారు

మిచిగన్‌లో మేముండే నోవై ఊరి లైబ్రరీలో పిల్లల గదిలోంచి జిగురు వాసన వచ్చింది. లోపల నా మనవరాలు రంగు కాగితాలు కత్తిరించి అంటిస్తోంది. బయట కుర్చీలో కూర్చున్న నాకు ఆ వాసనతో దానియేలు మాస్టారి వేళ్ళు కళ్ళముందు కదిలాయి. ఎనభై దాటినా వణకని వేళ్ళు, గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు. అరవై రెండో ఏట నాకు అక్షరాలు నేర్పిన మనిషి ఆయన. ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రాయడం నాకు కొత్త. ఉన్నదున్నట్టు రాయడం తప్ప వేరే విద్య రాదు.

మాస్టారిదీ మాదీ కృష్ణా జిల్లాయే. అక్కడ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరై, భార్య పోయాక కొడుకు ప్రకాశ్ దగ్గరికి మిచిగన్ వచ్చారు. నేను కూతురి దగ్గరికి వచ్చాను. తెలుగు చర్చిలో ఒకే వరసలో కూర్చునేవాళ్ళం. పాటలన్నీ నాకు నోటికి వచ్చు, పుస్తకం మాత్రం మర్యాద కోసం తెరిచి పట్టుకునేదాన్ని. ఒక ఆదివారం భోజనాల దగ్గర నన్ను పట్టేశారు.

"మార్తమ్మా, పాట మూడు పేజీలు. నువ్వొక్క పేజీ తిప్పలేదే?"

"కళ్ళజోడు మరిచిపోయాను మాస్టారూ."

"ముక్కు మీద ఉన్నదేమిటి మరి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "బుధవారం లైబ్రరీకి రా" అన్నారు.

వెళ్ళేసరికి బల్ల మీద పాత గ్లోబు ఉంది. ఎవరి గరాజ్ సేల్‌లోనో దొరికిందట. దాని మీద ఎక్కడ చూసినా రెండు మూడు రంగులే, ఎక్కువ గులాబీ. అదంతా తెల్లదొరల రాజ్యమన్నారు. ఒక్కో దేశం స్వతంత్రమైన వరసలో, చిన్న కాగితం ముక్క మీద తెలుగులో పేరు రాసి, దొరలు పెట్టిన పేరు మీద అంటించేవారు. నేను కూడబలుక్కుని చదవాలి. లోకమంతా ఘ అంటే ఘటం అని నేర్చుకుంటుంది. నాకు ఘ అంటే ఘానా. కెన్యా, మొజాంబిక్, అంగోలా దాటేసరికి గుణింతాలూ ఒత్తులూ వచ్చేశాయి. మన దేశాన్ని మాత్రం చివరికి ఉంచి, ఆ ముక్క నా చేతే రాయించారు. "భారతదేశం" అని రాయడానికి గంట పట్టింది, నాలుగు కాగితాలు పాడుచేశాను. "ఫరవాలేదులే, మనవాళ్ళకి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది" అన్నారు.

దొరలు పోయిన చోటల్లా అమెరికా, రష్యా పోటీపడి తలుపు తట్టాయని చెప్పేవారు. చిన్నప్పుడు మా పేటలో అమెరికా పాలపొడి పంచితే గిన్నె పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. ఆయనకేమో రష్యా పుస్తకాలు చవగ్గా దొరికేవట.

"మన మీద ప్రేమతో ఇచ్చారనుకున్నావా మార్తమ్మా? ఎదుటివాడికంటే ముందు ఇవ్వాలని."

"ఎందుకిస్తేనేం, ఆ పూట నా కడుపు నిండింది. మీ పుస్తకంతో నిండిందా?"

చాలాసేపు నవ్వారు. "ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను. ఏ పిల్లాడూ నన్నిలా పడగొట్టలేదు."

అమెరికాలో ఒక్కసారి ఓటెయ్యాలని ఆయన కోరిక. వాళ్ళ నాన్న దొరల బంగళాలో వంటవాడు. దొరలు వెళ్ళిన ఏడే పోయాడు, ఓటంటే ఏమిటో తెలియకుండా. "మన బతుకుల మీద పందెం కాసిన ఇద్దరిలో ఒకడి చెవినైనా నా మాట పడాలి" అనేవారు.

సిటిజన్‌షిప్ ఫారం ప్రకాశ్ లాప్‌టాప్‌లో నింపుతున్న రోజు నేను అక్కడే ఉన్నాను. ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా అని ఒక ప్రశ్న వచ్చింది.

"నో కొట్టేశాను డాడీ. నెక్స్ట్."

"ఎస్ పెట్టు. ఉద్యోగం రాకముందు ఆరేళ్ళు సభ్యుణ్ణి."

"యాభై ఏళ్ళ కిందటి మాట డాడీ! వీళ్ళకెలా తెలుస్తుంది?" ప్రకాశ్ గొంతు తగ్గించాడు. "గ్రీన్ కార్డ్ ఫారంలో కూడా నో అనే పెట్టాను. ఇప్పుడు ఎస్ అంటే, అప్పుడు అబద్ధం చెప్పారంటారు. సిటిజన్‌షిప్ సంగతి దేవుడెరుగు, అసలు దేశంలోనే ఉండనివ్వరు."

నేనూ ప్రకాశ్ వైపే మాట్లాడాను. "ఒక్క నోతో ఎవరి కొంప మునుగుతుంది మాస్టారూ?"

ఆయన కొడుకుని తిట్టలేదు. "ఆ ఫారం మీద సంతకం ఎవరిది?"

"మీదే."

"చదివి పెట్టానా?"

ప్రకాశ్ లాప్‌టాప్ మీంచి చేతులు తీశాడు.

"ఊరందరికీ చదువు చెప్పినవాణ్ణి, చదవకుండా సంతకం పెట్టాను. తప్పు నాది. ఎస్ పెట్టరా."

ఇంటర్వ్యూ డెట్రాయిట్‌లో. ప్రకాశ్, నేను గంటన్నర బయట కూర్చున్నాం. కారెక్కాక మాస్టారు లోపల జరిగింది చెప్పారు. పార్టీలో ఎందుకు చేరావని ఆఫీసరమ్మ అడిగిందట.

"ఏం చెప్పారు?"

"మా ఊళ్ళో నా కంచం విడిగా పెట్టనివాళ్ళు వాళ్ళే, అందుకని వాళ్ళ పక్కన కూర్చున్నానన్నాను. మరెందుకు మానేశావంది. రష్యావాడు పక్కదేశం మీదికి ట్యాంకులు తోలితే మావాళ్ళు శభాష్ అన్నారు. ఒక దొర పోయి ఇంకో దొర వచ్చాడనిపించి లేచి వచ్చేశానన్నాను."

ఆరు నెలలకి ఉత్తరం వచ్చింది. అప్పటికి నాకు ఇంగ్లీషు కూడా కొద్దికొద్దిగా నేర్పారు. కవరు చింపి నా చేతికే ఇచ్చారు. ఇంగ్లీషులో నేను చదివిన మొదటి ఉత్తరం అదే. గ్రీన్ కార్డు జోలికి రాలేదు గానీ, పాత ఫారంలో అబద్ధం ఉంది కాబట్టి పౌరసత్వం ఇవ్వలేమని ఉంది. గబగబా చివరిదాకా చదివేశాను.

"మూడో లైను మళ్ళీ చదువు. ఒక మాట మింగేశావు" అన్నారు.

ఓటు వెయ్యకుండానే నిరుడు చలికాలంలో పోయారు. మొండి మనిషి, కాదనను. ఆ ఆరు నెలలూ ప్రకాశ్‌కి కంటి మీద కునుకు లేదు, అదీ చూశాను. అయినా, నేనెరిగిన చదువుకున్నవాళ్ళలో చదువుకి తగ్గట్టు బతికినవాడు ఆయనొక్కడే.

పోయిన నెల నా సిటిజన్‌షిప్ ఫారం వంతు వచ్చింది. "అన్నీ నో పెట్టానమ్మా, సైన్ చేసెయ్" అంది నా కూతురు సునీత. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో లైను వేలు పెట్టి చదివాను. ఎప్పుడైనా పోలీసులు అరెస్టు చేశారా అన్నచోట ఆగాను. ఒకప్పుడు కూలి పెంచమని ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చుంటే, పదిమంది ఆడవాళ్ళని స్టేషనుకి తీసుకెళ్ళి సాయంత్రం వదిలారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

"అదేం అరెస్టమ్మా, వ్యాన్ ఎక్కించారంతే!"

"ఎక్కించినవాడు పోలీసా, బస్సు కండక్టరా?"

సునీత తల పట్టుకుంది. లాప్‌టాప్ నావైపు తిప్పుకుని ఎస్ అన్నచోట నేనే నొక్కాను. ఆ తర్వాతే సంతకం పెట్టాను.