అతని భుజం మీద నా అనుమానం

రోగి నొప్పి లేదంటే నేను నమ్మను. ఎముకల వార్డులో ఇన్నేళ్ళు చేసినదాన్ని, నోటి మాట కంటే ముందు మొహం చూస్తాను. సౌదీలో, దమ్మామ్‌లో మా హాస్టల్ కింద బఖాలా అనే కిరాణా కొట్టువాడు పాల ప్యాకెట్టు మీద తేదీ చెరిపాడేమోనన్న దగ్గర్నుంచి మా ఇన్‌చార్జి సిస్టర్ నవ్వు దాకా నాకు అన్నీ అనుమానమే. అలాంటిదాన్ని పోయిపోయి ఒక బేస్‌బాల్ ఆటగాడికి అభిమానినయ్యాను.

తుంటి విరిగి మా వార్డులో చేరిన ఒక అమెరికన్ ముసలాయన పుణ్యం అది. డ్రెస్సింగ్ చేస్తున్నంతసేపూ టాబ్‌లో ఆట పెట్టుకునేవాడు. నేను మొదటిసారి తొంగిచూసినప్పుడు, బంతి పట్టుకోవడానికి గొంతుక్కూర్చున్న క్యాచర్ తొడల మధ్య వేళ్ళు దాచి, బంతి విసిరే పిచర్‌కి సైగలు చేస్తున్నాడు. పిచర్ కాదన్నట్టు తల ఊపాడు. మళ్ళీ సైగ. ఈసారి సరేనన్నాడు. ఇది మోసం కాదా అని అడిగాను. ఎలాంటి బంతి వేయాలో మాట్లాడుకుంటున్నారు, అదీ ఆటేనని ఆయన పగలబడి నవ్వాడు. నాకు నమ్మకం కుదరలేదు. అందుకే మర్నాడు కూడా చూశాను.

ఆ పిచర్ పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఎడమకాలు గుండెల దాకా ఎత్తి, క్షణం ఆగి, అప్పుడు విసురుతాడు. మంచి వయసులో అతని బంతి కంటికి ఆనేది కాదట. పాత వీడియోలు వెతికి చూశాను, నిజమే. తర్వాత కుడిభుజానికి ఆపరేషన్ అయి, ఒక సీజనంతా కూర్చున్నాడు. తిరిగొచ్చాక వేగం తగ్గింది, తెలివి పెరిగింది. బ్యాట్ దాకా బుద్ధిగా వచ్చి చివర్లో జారిపోయే బంతి ఒకటి నేర్చుకున్నాడు. బ్యాటర్ ముందే తిప్పేసి బిక్కమొహం వేసేవాడు. నాకైతే ఒళ్ళు పులకరించేది. ముసలాయన డిశ్చార్జ్ అయి వెళ్ళిపోయినా నేను ఆట చూడటం మానలేదు.

అంతవరకూ సరదాయే. ఒకరోజు ఒక భారీ మనిషిని మంచం మీద నుంచి వీల్‌చెయిర్‌లోకి దించుతుంటే నా కుడిభుజంలో ఏదో పుటుక్కుమంది. మా హాస్పిటల్లో ఎవరికీ చెప్పలేదు. కాంట్రాక్ట్ రెన్యువల్ దగ్గరపడింది. బరువెత్తలేని నర్సుకి ఇకామా, అదే ఇక్కడుండే పర్మిట్, దండగని ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని భయం. పక్క ఊరు అల్‌ఖోబర్‌లో వేరే క్లినిక్‌కి వెళ్ళి స్కాన్ తీయించుకున్నాను. అక్కడి డాక్టరు తెలంగాణవాడు.

"లోపల కండ చినిగింది సిస్టర్. ఆపరేషన్ చేపిచ్చుకుంటే మంచిగైతది. లేట్ చేస్తే చెయ్యి పైకి లేవది, మళ్ల నన్ను అనొద్దు" అన్నాడు.

"మా హాస్పిటల్‌కి తెలియకుండా అవుతుందా సార్?"

"నేనైతే చెప్ప. మీరు చెప్పకుంటే లీవెట్ల ఇస్తరు?"

ఎందుకు చెప్పమంటున్నాడు? ఈ క్లినిక్‌వాళ్ళూ మా హాస్పిటల్‌వాళ్ళూ ఒకటేనేమో అనుకుంటూ బయటికొచ్చాను.

ఆ పిచర్‌కి చేసిందీ నాకు చేయాలన్నదీ ఒకే ఆపరేషన్. అతను నిజంగా బాగుపడి ఉంటే నేనూ చేయించుకుంటాను, లేదంటే లేదు. ఆ లెక్కతో, మధ్యాహ్నం డ్యూటీకి ముందు గదిలో రిప్లే పెట్టుకుని, బంతిని వదిలేసి అతని మొహం చూసేదాన్ని. విసిరాక పెదవి బిగించాడు. బెంచీ మీద నీళ్ళసీసా ఎడమచేత్తో ఎత్తాడు. చెమటా ఎడమచేత్తోనే తుడుచుకున్నాడు. దొరికావురా అనుకున్నాను. కామెంటరీవాళ్ళు ఎంత పొగిడితే నాకు అంత అనుమానం పెరిగేది.

నా గదిలో ఉండే ఒంగోలు అమ్మాయి, మా వార్డు నర్సే, నా చెయ్యి సంగతి తెలిసింది తనొక్కదానికే, ఒక పాత వీడియో తెచ్చి నా మొహం ముందు పెట్టింది.

"చూడక్కా, ఇది ఆపరేషన్‌కి ముందుది. సంతకాలు ఎడంచేత్తోనే పెడతన్నాడు. బంతొక్కటే కుడిచేత్తో ఏస్తాడు. నీకు జనమంతా పేషెంట్లలాగే కనపడతన్నారు."

"మరి పెదవెందుకు బిగిస్తున్నాడు?"

"ఎండకేమో!"

"లైట్లు పెట్టి ఆడుతుంటే ఎండెక్కడిదమ్మా?"

ఆ అమ్మాయి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అప్పటికే నా జడ తనే వేస్తోంది. సెలైన్ సీసా తగిలించడానికి నేను స్టూలెక్కుతున్నాను.

ఇదే చివరి సీజనని అతను ముందే ప్రకటించాడు. చివరి ఆటలో బ్యాటర్లు అతన్ని ఉతికి ఆరేశారు. పిచర్‌ని మార్చాలంటే కోచ్ మైదానం మధ్యకి నడిచొచ్చి చెయ్యి చాస్తాడు, పిచర్ బంతి ఆ చేతిలో పెట్టి వెళ్ళిపోవాలి. ఇతను ఎన్నడూ తేలిగ్గా ఇచ్చిన మనిషి కాదు, వాదించేవాడు, వీపు తిప్పుకునేవాడు. ఆరోజు మాత్రం కోచ్ చెయ్యి చాచకముందే ఇచ్చేశాడు. ఆట అయ్యాక మైకు ముందు చెప్పాడు: ఆపరేషన్ తర్వాత నొప్పి లేకుండా ఒక్క ఆటా ఆడలేదట.

"చూశావా! నేను చెప్పలా!" అని పక్కనున్న ఒంగోలు అమ్మాయితో అరిచాను. ఇన్నాళ్ళూ వెతికింది దొరికింది. ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. అతనికే నయం కాలేదంటే నా చెయ్యి ఇక ఇంతే.

ఆ అమ్మాయి ఓదార్చలేదు.

"ఆపరేషన్ అయినాక ఎన్ని సీజన్లు ఆడాడక్కా?"

"చాలానే."

"ఆ జారే బంతి నేర్చుకుంది ముందా, తర్వాతా?"

"తర్వాతే."

"నొప్పి పడ్డాడని కనిపెట్టావు. ఆడాడని కనపళ్ళా నీకు?"

నాకు రోషం వచ్చింది.

డ్యూటీకి వెళ్ళగానే ఇన్‌చార్జి గది తలుపు తట్టాను. నా కుడిచెయ్యి లేవట్లేదని, ఆపరేషన్‌కి సెలవు కావాలని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. సెలవు కోసం నాటకమేమోనన్న అనుమానం ఆ కళ్ళలో స్పష్టంగా కనిపించింది. ఏదీ, ఎత్తమంది. ఎత్తాను. భుజం ఎత్తుకి కూడా రాలేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా, ఆవిడకి నమ్మకం కుదిరేదాకా ఆ చెయ్యి దించలేదు.